అద్దె కడతామని చూపించడానికి జీతం ఒక్కటే దారా?

(కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, వైకల్యం ఉన్న పిల్లల తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో ఒక హౌసింగ్ కౌన్సెలర్ చేసిన ప్రసంగం. అంకెలు 2025వి.)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత మాట్లాడమన్నారు. చట్టం సెక్షన్లు వరసపెట్టి చదివితే కుర్చీలు ఖాళీ అవుతాయి కాబట్టి సెక్షన్లు తగ్గించి, డాలర్ల లెక్కలు ఎక్కువ చెప్తాను.

ఈ హాల్లో ఉన్న చాలామంది పిల్లలు ఇప్పుడు పిల్లలు కారు. ఇరవై రెండు, ఇరవై అయిదేళ్లు వచ్చాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మూర్ఛలు, ఇంకేదైనా కావచ్చు. స్కూలు అయిపోయింది. వైకల్యం ఉన్నవాళ్లకి సేవలు ఏర్పాటు చేసే రీజినల్ సెంటర్ వాళ్లు సాయానికి మనిషిని చూస్తామంటున్నారు. అబ్బాయి కూడా ‘నాకు నా రూమ్ కావాలి’ అంటున్నాడు. మీరేమో అఫర్డబుల్ అపార్ట్‌మెంట్ల వెయిట్‌లిస్టుల్లో పేరెక్కించి ఏళ్లుగా కూర్చున్నారు. ఒకరోజు వంతు వచ్చిందని ఈమెయిల్ వస్తుంది. ఇంట్లో పండగే. కాగితాలన్నీ పోర్టల్లో ఎక్కిస్తారు. వారం తిరక్కుండా ఇంకో ఈమెయిల్: ఆదాయం సరిపోలేదు, దరఖాస్తు మూసేశాం.

తక్కువ ఆదాయం వాళ్ల కోసం కట్టిన బిల్డింగ్‌లోంచి ఆదాయం తక్కువని తిప్పి పంపడం ఏమిటని నన్ను అడిగేవాళ్లు చాలామంది. కోపం న్యాయమే. కానీ అక్కడ లెక్క ఎలా నడుస్తుందో తెలిస్తేనే దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది.

ఈ దేశంలో ఇప్పుడు కడుతున్న అఫర్డబుల్ అపార్ట్‌మెంట్లలో ఎక్కువ భాగం 1986లో వచ్చిన టాక్స్ క్రెడిట్ పథకం కింద కట్టినవి. బిల్డర్‌కి పన్ను రాయితీ ఇస్తారు, బదులుగా కొన్ని యూనిట్లు ఒక ఆదాయం దాటనివాళ్లకే ఇవ్వాలి. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 50 శాతం, 60 శాతం అని గీత గీస్తారు. అద్దెకు పైహద్దు కూడా ఆ గీతను బట్టే ఉంటుంది, ఆ గీత ఆదాయంలో 30 శాతం. ఇక్కడే మనవాళ్లు పొరపడతారు. మన ఆదాయంలో 30 శాతం అనుకుంటారు. కాదండీ, ఆ గీతలో 30 శాతం. మీ ఆదాయం గీతకి ఎంత కిందనున్నా అద్దె మీ కోసం దిగిరాదు. పబ్లిక్ హౌసింగ్‌లోనో, సెక్షన్ ఎయిట్ వోచర్ (అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే సాయం) ఉంటేనో అద్దె వాటా మన ఆదాయాన్ని బట్టి మారుతుంది. ఒట్టి టాక్స్ క్రెడిట్ యూనిట్‌లో మారదు.

పైగీత చట్టం పెట్టింది. కిందిగీత మాత్రం మేనేజ్‌మెంట్ పెట్టుకుంటుంది. అద్దెకి రెండు రెట్లు, రెండున్నర రెట్లు, కొన్నిచోట్ల మూడు రెట్లు నెల ఆదాయం చూపించమంటారు. లెక్క కోసం అద్దె 1,600 అనుకుందాం. రెండు రెట్లే అడిగినా 3,200 కావాలి. మన అబ్బాయికి వచ్చేది ఎస్‌ఎస్‌ఐ, అంటే ఆదాయం, ఆస్తి బాగా తక్కువున్న వృద్ధులకీ, వైకల్యం ఉన్నవాళ్లకీ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం. 2025లో ఫెడరల్ వాటా 967 డాలర్లు, కాలిఫోర్నియా కలిపేది చేరిస్తే 1,207కి ఆరు సెంట్లు తక్కువ. పైగీత కింద ఎంతో హాయిగా ఉన్నాడు, కిందిగీతకి అందే ఆశే లేదు.

ఇక్కడ ఒక మాట కటువుగా చెప్పాలి. వోచర్ లేదు, ఇంటివాళ్ల సాయం లేదు, చేతిలో 1,207 ఉంది, అద్దె 1,600 అయితే చట్టం ఆ నాలుగు వందలు పుట్టించదు. అద్దె తగ్గించమని వైకల్యం చట్టం కింద అడగలేం. చట్టం పనికొచ్చేది వేరేచోట. అద్దె నిజంగానే వస్తుంది, నెలనెలా ఠంచనుగా వస్తుంది, కాకపోతే అది జీతం రూపంలో కనపడదు. అమ్మ కడుతుంది, లేదా వోచర్ కడుతుంది, లేదా ట్రస్టు కడుతుంది. అయినా లీజింగ్ ఆఫీసు ‘మా ఫారంలో ఆ గడి లేదు’ అంటుంది. అప్పుడు అడగొచ్చు: మీ నిబంధన అద్దె వస్తుందో రాదో తేల్చుకోడానికే కదా, వస్తుందని ఇంకో రకంగా చూపిస్తాం, తీసుకోండి అని.

ఇలా అడగడానికి ఆధారం ఎక్కడిదంటే, ఫెయిర్ హౌసింగ్ చట్టం 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి సంతకమైంది. అందులో అప్పుడు వైకల్యం మాటే లేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1988 సవరణతో వచ్చింది. వైకల్యం ఉన్న మనిషి మిగతావాళ్లతో సమానంగా ఇంట్లో ఉండే అవకాశం కోసం అవసరమైతే, రూల్స్‌లో, పాలసీల్లో, పద్ధతుల్లో సబబైన వెసులుబాటు ఇవ్వాలి, ఇవ్వకపోతే అదే వివక్ష అని అందులో ఉంది. రీజనబుల్ అకామడేషన్ అంటారే, అది. ఫెడరల్ సొమ్ము నేరుగా తీసుకునే బిల్డింగ్‌లకైతే 1973 నాటి రీహాబిలిటేషన్ చట్టం సెక్షన్ 504 కూడా వర్తిస్తుంది. దేశం మొత్తం మీద వచ్చే హౌసింగ్ వివక్ష ఫిర్యాదుల్లో సగానికి పైగా వైకల్యానివే. రంగు, జాతి అని మనం అనుకుంటాం, ఫైళ్లలో మాత్రం ఇవే ఎక్కువ.

మరి ఆదాయపు నిబంధన కూడా అలాంటి ‘రూల్’ కిందికి వస్తుందా? ర్యాంప్ పెట్టమనడం వేరు, కుక్కని ఉంచుకోనివ్వమనడం వేరు. డబ్బు సంగతి దగ్గరకొచ్చేసరికి కోర్టులు తడబడ్డాయి. దీని మీద నాకు తెలిసిన మంచి కేసు ఇక్కడికి అరగంట దూరంలో, శాన్ హోసేలో పుట్టింది. దాన్ని కాస్త తీరిగ్గా చెప్తాను.

గీబ్లర్ వర్సెస్ ఎం అండ్ బి అసోసియేట్స్. ఈ గీబ్లర్ సైకియాట్రిక్ టెక్నీషియన్‌గా పనిచేసేవాడు. ఎయిడ్స్ వచ్చి ఉద్యోగం మానాల్సి వచ్చింది. నెలకి 837 డాలర్ల ఎస్‌ఎస్‌డీఐ (ఉద్యోగం చేసి పన్ను కట్టినవాళ్లకి వైకల్యం వస్తే ఇచ్చే ప్రభుత్వ భృతి), దానికి తోడు ఎయిడ్స్ ఉన్నవాళ్లకిచ్చే గృహసాయం మూడు నాలుగు వందలు. తల్లి దగ్గరలో ఉంటే బాగుంటుందని, ఆవిడ ఇంటికి దగ్గర్లో ఉన్న బ్రానమ్ అపార్ట్‌మెంట్స్‌లో వన్ బెడ్‌రూమ్ చూసుకున్నాడు. అద్దె 875. మేనేజ్‌మెంట్ రూల్ మూడు రెట్లు, అంటే 2,625 ఆదాయం కావాలి. లేదని తిప్పి పంపారు. ఇది టాక్స్ క్రెడిట్ యూనిట్ కాదు, మామూలు అపార్ట్‌మెంట్. రూల్ మాత్రం ఒకటే.

అప్పుడు తల్లి వెళ్లింది. ఆవిడకి సొంతిల్లు ఉంది, అప్పులేదు, ఆదాయం వాళ్లు అడిగినదానికంటే బాగా ఎక్కువ. ‘లీజు నా పేర రాయండి, ఉండేది మా అబ్బాయి, అద్దె బాధ్యత నాది’ అంది. మేము కో-సైనర్లని ఒప్పుకోం, మా పాలసీ అది, అన్నారు. ఒక సేవాసంస్థ మధ్యలోకొచ్చి వైకల్యం చట్టం కింద వెసులుబాటు అడిగింది. మళ్లీ కాదన్నారు. కింది కోర్టులో ఆయన ఓడిపోయాడు. 2003లో నైన్త్ సర్క్యూట్, అంటే పశ్చిమ రాష్ట్రాల కేసులు చూసే ఫెడరల్ అప్పీలు కోర్టు, ఆ తీర్పు కొట్టేసింది.

కోర్టు చూసిన తీరు గమనించండి. ఈయన ఆరోగ్యంగా ఉండి ఉద్యోగం చేసుకుంటున్నప్పటి జీతంతో ఈ అపార్ట్‌మెంట్‌కి అర్హుడే. ఇప్పుడు కాకపోవడానికి కారణం జబ్బు వల్ల పని చెయ్యలేకపోవడం. కాబట్టి ఆదాయం తక్కువ కావడం వైకల్యం నుంచి నేరుగా వచ్చిన ఫలితం. ఆయన అడిగినదేమో అద్దె తగ్గించమని కాదు, ఆలస్యంగా కడతామని కాదు, మొత్తం అద్దె కట్టగల మనిషినే ఎదురుగా నిలబెట్టాడు. ఓనర్‌కి నష్టమేదీ కనపడటం లేదు. మరి పాలసీ అందరికీ ఒకటే కదా అన్న వాదన? అందరికీ ఒకటే అయిన రూల్‌నే కదా వెసులుబాటు మార్చేది! అంతకుముందు ఏడాది, 2002లో, సుప్రీంకోర్టు ఒక ఉద్యోగం కేసులో ఇదే మాట చెప్పింది. ఆ దారినే నైన్త్ సర్క్యూట్ నడిచింది.

వైకల్యం ఉన్న పెద్ద కొడుకు, బాధ్యత నాదంటున్న తల్లి. మన హాల్లో ప్రతి వరసలోనూ ఉన్న కథే ఇది.

అన్ని కోర్టులూ ఇలా చూడలేదు. న్యూయార్క్ లాంగ్ ఐలాండ్ కేసు ఒకటుంది, సాల్యూట్ వర్సెస్ స్ట్రాట్‌ఫర్డ్ గ్రీన్స్, 1998. వైకల్యం ఉన్న ఇద్దరు సెక్షన్ ఎయిట్ సాయంతో అద్దెకు అడిగితే ఓనర్ తీసుకోలేదు. వీళ్లకి అడ్డొచ్చింది వైకల్యం కాదు, డబ్బు లేకపోవడం, పేదరికానికి ఈ చట్టం కింద వెసులుబాటు ఉండదు అంది అక్కడి అప్పీలు కోర్టు, సెకండ్ సర్క్యూట్. నాకు ఆ తీర్పు నచ్చదు. పని చెయ్యలేని మనిషి దగ్గర డబ్బు లేకపోవడాన్నీ, అతని వైకల్యాన్నీ కత్తితో కోసి రెండు ముక్కలు చెయ్యమంటే ఎలా? 2019లో ఫ్లోరిడాలో ఇంకో కేసు వచ్చింది. అది అద్దె కాదు, తక్కువ ఆదాయం వాళ్లకి ఇళ్లు కట్టిచ్చే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సేవాసంస్థ ఇల్లు. కాళ్లూ చేతులూ పనిచెయ్యని మనిషికి వాళ్ల కనీస ఆదాయం కంటే కొంచెం తగ్గింది. తండ్రి నెలనెలా ఇస్తానని రాసిచ్చిన ఉత్తరాన్ని, తిండి ఖర్చుకి ప్రభుత్వమిచ్చే ఫుడ్ స్టాంపులను లెక్కలోకి తీసుకోమన్నాడు. డబ్బుకి సంబంధించిన వెసులుబాటు కాబట్టి చట్టం పరిధిలోకే రాదు అనడం కుదరదని ఎలెవెన్త్ సర్క్యూట్ చెప్పి, మిగతాది తేల్చమని కింది కోర్టుకి తిప్పి పంపింది. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరిజోనా నైన్త్ సర్క్యూట్ కింద వస్తాయి కాబట్టి మనకి గీబ్లర్ తీర్పు కట్టుబాటు. న్యూజెర్సీలో, టెక్సస్‌లో ఉన్న చుట్టాలకి ఇదే మాట ధైర్యంగా చెప్పెయ్యకండి.

వోచర్ సంగతి. ఇది తేలిగ్గా తేలిపోయే విషయం, అయినా రోజూ తప్పు జరుగుతూనే ఉంది. వోచర్ ఉన్నవాళ్లు మామూలుగా ఆదాయంలో 30 శాతం కడతారు, మిగతాది హౌసింగ్ అథారిటీ నేరుగా ఓనర్‌కి పంపుతుంది. మన అబ్బాయి 1,207లో వాటా సుమారు 360. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఆదాయపు నిబంధన ఈ 360 మీదే లెక్కించాలి, 1,600 మీద కాదు. మూడు రెట్లు అడిగినా 1,080. పాసయ్యాడు! కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది, 30 శాతానికి మూడు రెట్లంటే ఎప్పుడూ 90 శాతమే కాబట్టి, వాటా అక్కడే ఉన్నంతవరకు ఎవరైనా పాసవుతారు. పోర్టల్‌కి ఈ లెక్క తెలియదు. అది పూర్తి అద్దెని మూడుతో గుణించి ఎర్ర రంగు చూపిస్తుంది. 2020 జనవరి నుంచి ఈ రాష్ట్రంలో వోచర్ ఉందన్న కారణంతో కాదనకూడదు. 2024 నుంచి ఇంకోటి వచ్చింది: అద్దె సబ్సిడీ ఉన్నవాళ్ల క్రెడిట్ చరిత్ర (అప్పులు, బిల్లులు ఎలా కట్టారన్న రికార్డు) చూసేముందు, అద్దె కట్టగలమని వేరే ఆధారం చూపించే అవకాశం ఇవ్వాలి. టాక్స్ క్రెడిట్ బిల్డింగ్‌లైతే దేశంలో ఎక్కడైనా సరే, వోచర్ ఉందన్న కారణం మీద కాదనకూడదని పన్ను చట్టంలోనే ఉంది.

అద్దెకు అడిగేవాళ్లకి స్కోర్లిచ్చే కంపెనీల గురించి రెండు ముక్కలు. సేఫ్‌రెంట్ అనే కంపెనీ మీద మాసచుసెట్స్‌లో వోచర్ ఉన్న అద్దెదారులు కేసు వేశారు. వోచర్ డబ్బుని పట్టించుకోకుండా క్రెడిట్ చరిత్ర చూసి స్కోర్ ఇస్తోందని వాళ్ల వాదన. 2024 నవంబర్‌లో సుమారు 22 లక్షల 75 వేల డాలర్ల రాజీని కోర్టు ఆమోదించింది. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు, కానీ వోచర్ ఉన్నవాళ్లకి ఆ స్కోర్ వాడకుండా ఉండటానికి ఒప్పుకుంది. ‘కంప్యూటర్ కాదంది’ అన్న జవాబుతో ఇంటికొచ్చెయ్యక్కర్లేదు, అంతే చెప్పదలచుకున్నాను.

ఇక అడగడం ఎలా. నా అనుభవంలో మనవాళ్లు ఓడిపోయేది కోర్టులో కాదు, లీజింగ్ ఆఫీసు బల్ల ముందు. అక్కడికి వెళ్లి అబ్బాయికి ఏ ఇబ్బందీ లేనట్టు మాట్లాడతారు. ‘వాడు చాలా ఇంటెలిజెంట్ అండీ, ఏదో చిన్న ప్రాబ్లం, త్వరలో జాబ్ వస్తుంది’ అంటారు. పిల్లాడి పరువు కాపాడాలన్న తాపత్రయం నాకు అర్థమవుతుంది. కానీ వైకల్యం ఉందనీ, దానివల్లే జీతం చూపించలేకపోతున్నామనీ చెప్పకపోతే, వెసులుబాటు ఇవ్వాల్సిన బాధ్యత అవతలివాళ్ల మీద పడదు. జబ్బు పేరు చెప్పక్కర్లేదు. ఫైలు మొత్తం ఇవ్వక్కర్లేదు. వాళ్లూ అడగకూడదు. 65 ఏళ్ల లోపు వయసులో ఎస్‌ఎస్‌ఐ గానీ ఎస్‌ఎస్‌డీఐ గానీ వస్తున్నట్టు కాగితం చూపిస్తే, వైకల్యం ఉందనడానికి మామూలుగా అదే చాలని ఫెడరల్ హౌసింగ్ శాఖ, న్యాయశాఖ కలిసి 2004లో ఇచ్చిన వివరణలో ఉంది.

నోటితో అడిగినా చెల్లుతుంది. అయినా రాసివ్వండి. నేను రాయించే ఉత్తరం ఇంతే ఉంటుంది:

‘నేను వైకల్యం ఉన్న దరఖాస్తుదారుని. నా వైకల్యం వల్ల ఉద్యోగం చేసి మీరు అడిగినంత ఆదాయం చూపించలేను. దాని బదులు మా అమ్మ ఆదాయాన్ని, ఆమె రాసిచ్చే గ్యారంటీని అంగీకరించమని ఫెడరల్ ఫెయిర్ హౌసింగ్ చట్టం, కాలిఫోర్నియా చట్టం కింద రీజనబుల్ అకామడేషన్ అడుగుతున్నాను. అద్దె పూర్తిగా, గడువులోగా అందుతుంది. నిర్ణయం చెప్పేదాకా నా దరఖాస్తు మూసెయ్యకండి, యూనిట్ ఇంకొకరికి ఇవ్వకండి. ఇది కుదరదనుకుంటే కారణం రాసి పంపి, ఏది కుదురుతుందో మాట్లాడటానికి సమయం ఇవ్వండి.’

చివరి వాక్యం తీసెయ్యకండి. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం వాళ్లు కాదని చేతులు దులిపేసుకోకూడదు, కూర్చుని మాట్లాడాలి. ఇది దరఖాస్తుతో పాటే ఇస్తే మేలు. తిరస్కరణ వచ్చాక ఇచ్చినా ఫరవాలేదు గానీ, ఆ రోజే ఇవ్వండి. యూనిట్ ఇంకొకరికి వెళ్లిపోతే కేసు మిగులుతుంది, ఇల్లు మిగలదు.

మనవాళ్లకి ఇంకో అలవాటుంది. ‘ఆరు నెలల అడ్వాన్స్ ఇప్పుడే ఇచ్చేస్తాం’ అని చెక్‌బుక్ తీస్తారు. వద్దు. వైకల్యం ఉన్నవాళ్లని వెసులుబాటు కోసం అదనంగా డబ్బు అడగకూడదు. పైగా 2024 జూలై నుంచి ఈ రాష్ట్రంలో చాలామంది ఓనర్లు నెల అద్దెకి మించి డిపాజిట్ తీసుకోకూడదు. మీరే దారి చూపిస్తే వాళ్లు పక్కింటివాళ్లని కూడా అదే అడుగుతారు.

అమ్మానాన్నా అద్దె కడితే ఎస్‌ఎస్‌ఐ ఏమవుతుంది? ఇది చాలామంది లాయర్లు కూడా చెప్పరు. గీబ్లర్‌కి వచ్చేది ఎస్‌ఎస్‌డీఐ, దానికి ఈ గొడవ లేదు. ఎస్‌ఎస్‌ఐకి ఉంది. మీరు అద్దె నేరుగా ఓనర్‌కి కడితే, ఇంటి సాయం అందుతోందని ఎస్‌ఎస్‌ఐలో కోత పెడతారు, ఫెడరల్ వాటాలో గరిష్ఠంగా మూడో వంతు వరకు, అంటే నెలకి 322 డాలర్ల దాకా. అబ్బాయి చేతికి నగదు ఇస్తే ఇంకా అన్యాయం, మొదటి ఇరవై పోను డాలరుకి డాలరు పోతుంది. దారి ఏబుల్ అకౌంట్, వైకల్యం ఉన్నవాళ్ల పేర తెరిచే ప్రత్యేక పొదుపు ఖాతా. 2014 చట్టంతో వచ్చింది, కాలిఫోర్నియాలో కాల్‌ఏబుల్ అంటారు. మీరు అందులో వేస్తారు, 2025లో అయితే ఏడాదికి 19,000 దాకా. ఆ అకౌంట్లోంచి తీసి ఆ నెలలోనే అద్దె కడితే ఎస్‌ఎస్‌ఐ తగ్గదు. లక్ష డాలర్ల వరకు అందులో ఉన్న డబ్బు ఎస్‌ఎస్‌ఐ వాళ్ల 2,000 డాలర్ల ఆస్తి హద్దులోకి రాదు. వైకల్యం 2025 చివరిదాకా ఉన్న రూల్ ప్రకారం 26 ఏళ్ల లోపు మొదలై ఉండాలి, 2026 జనవరి నుంచి 46 ఏళ్ల లోపు. గ్యారంటీ ఉత్తరానికి ఈ అకౌంట్ స్టేట్‌మెంట్ జతచేస్తే లీజింగ్ ఆఫీసుకి కాగితం మీద కనపడేది ఒకటి ఉంటుంది.

పైగీత సంగతి కూడా మర్చిపోకండి. నెలనెలా కుటుంబం ఇచ్చే నగదుని టాక్స్ క్రెడిట్ లెక్కలో ఆదాయంగా కలుపుతారు. మేము గ్యారంటీ ఉంటామని రాసిచ్చినంత మాత్రాన అది ఆదాయం కాదు, అవసరమైతే కడతామన్న మాట మాత్రమే. ‘నెలకి రెండు వేలు ఇస్తాం’ అని రాసేముందు ఆ గీత ఎక్కడుందో చూసుకోండి. బుల్లెట్ తప్పించుకోబోయి గోతిలో పడ్డవాళ్లున్నారు.

ఫిర్యాదు సంగతి క్లుప్తంగా. ఫెడరల్ హౌసింగ్ శాఖకి గానీ, రాష్ట్రంలో సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంట్‌కి గానీ ఏడాదిలోపు ఇవ్వాలి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కోర్టుకి వెళ్లడానికి రెండేళ్లు. ఫిర్యాదు చేశారని కక్ష కడితే అది ఇంకో ఉల్లంఘన. మీ వైపు రుజువు కావాల్సినవి: వైకల్యం ఉంది, వాళ్లకి తెలుసు, అడిగిన వెసులుబాటు అవసరం, అది సబబైనది, అయినా కాదన్నారు. వీటిలో ఎక్కువసార్లు తెగిపోయేది ‘వాళ్లకి తెలుసు’ అన్నది. అందుకే ఉత్తరం, ఉత్తరం అని పోరుతున్నాను.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దావిడ: నాకు డెబ్బై రెండమ్మా. ఎస్‌ఎస్‌ఐ వస్తుంది. మోకాళ్లు, షుగరు. సీనియర్ అపార్ట్‌మెంట్‌కి నాకూ ఇది వర్తిస్తుందా?)

అత్తయ్యగారూ, మీకొచ్చే ఎస్‌ఎస్‌ఐ వయసు మీద వచ్చేది. అది వైకల్యానికి రుజువు కాదు. ఈ ఫెడరల్ చట్టంలో వయసు లేదు. నడవడం, మెట్లెక్కడం, సొంతపనులు చేసుకోవడం ఏదైనా గట్టిగా ఇబ్బందిగా ఉంటే డాక్టర్‌తో ఉత్తరం రాయించుకోండి. కింది అంతస్తు ఇవ్వమని, సాయానికి ఉండే మనిషిని ఉంచుకోనివ్వమని అడగడానికి అది బాగా పనికొస్తుంది. ఆ మనిషి ఆదాయం మీ లెక్కలో కలపరు కూడా. కనీస ఆదాయం విషయంలో మాత్రం, మీకు ఆదాయం తక్కువ కావడానికి కారణం వైకల్యమా, రిటైర్ అవ్వడమా అని అడుగుతారు. ఇక్కడికొచ్చేటప్పటికే అరవై దాటినవాళ్ల విషయంలో అది గట్టి వాదన కాదు. వోచర్ ఉంటే మీకు అసలు ఈ గొడవే అక్కర్లేదు, ఇందాకటి మూడు రెట్ల లెక్క చాలు. ఇంకోటి, ఊళ్లో పొలం మీ పేర ఉంటే దాచకండి. కౌలు వస్తే అది ఆదాయం, పొలం ఆస్తి. ఎస్‌ఎస్‌ఐ వాళ్లకి కూడా చెప్పాల్సిందే.

(ఒకాయన: మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వాళ్లమ్మాయికి కూడా ఇలాగే. అక్కడ?)

టెక్సస్‌లో కష్టం. వోచర్లని కాదనకూడదని ఆస్టిన్ నగరం చట్టం చేసుకుంటే, ఏ నగరమూ అలా చెయ్యకూడదని 2015లో రాష్ట్రమే అడ్డం పడింది. అదే ఏడాది డాలస్ నుంచే వెళ్లిన టాక్స్ క్రెడిట్ ఇళ్ల కేసులో, ఉద్దేశం లేకపోయినా ఫలితం వివక్షగా ఉంటే ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద అడగొచ్చని సుప్రీంకోర్టు అయిదు–నాలుగుతో చెప్పింది. ఒకే ఊరు, రెండు ముఖాలు. మీ తమ్ముడుగారిని టాక్స్ క్రెడిట్ బిల్డింగ్‌లే చూడమనండి. అక్కడ వోచర్ కాదనకూడదు, అమ్మాయి వాటా అద్దెకి రెండున్నర రెట్లకి మించి అడగకూడదని రాష్ట్ర హౌసింగ్ శాఖ రూల్ ఉంది. వాటా మరీ తక్కువైతే ఏడాదికి 2,500 డాలర్ల ఆదాయం చూపిస్తే చాలు.

(వెనక వరస నుంచి: నేను ఓనర్‌ని. మూడు రెట్లు అడగడం కూడా తప్పేనా? అద్దె రాకపోతే మార్ట్‌గేజ్ ఎవరు కడతారు?)

మంచి ప్రశ్న. ఈ హాల్లో అద్దెకిచ్చేవాళ్లు తక్కువేం లేరు. (నవ్వులు) మూడు రెట్లు అడగొచ్చు, తప్పు కాదు. అందరినీ ఒకేలా అడగండి. ఒకే ఇంట్లో ఇద్దరు ఉండబోతే ఇద్దరి ఆదాయం కలిపి చూడండి, అది కూడా ఇక్కడి చట్టమే. వైకల్యం చెప్పి వేరే దారి చూపిస్తే మాత్రం పాలసీ అని మూసెయ్యకుండా, ఆ గ్యారంటీ ఇచ్చే మనిషి క్రెడిట్, ఆదాయం అంతా మామూలుగా చెక్ చేసుకోండి. ఆ మనిషి నిలబడడు అనిపిస్తే కాదనొచ్చు, కారణం రాసిపెట్టుకుని. చిన్న ఓనర్లకి మినహాయింపు ఉందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. నాలుగు యూనిట్ల లోపు, ఓనరే అందులో ఉంటే ఫెడరల్ చట్టంలో కొంత ఉంది. కాలిఫోర్నియాలో మీరుండే ఇంట్లో ఒకే ఒక్క గది ఒకరికి అద్దెకిస్తే తప్ప దాదాపు లేనట్టే.

(ఒక తల్లి: వాళ్లు కాగితం మీద కాదనరండీ. ఫోన్లో నవ్వుతూ ‘సారీ, సిస్టమ్ తీసుకోవడం లేదు’ అంటారు. అప్పుడేం చెయ్యాలి?)

ఫోన్ పెట్టెయ్యగానే వాళ్లకే ఈమెయిల్ కొట్టండి. ‘ఈరోజు మూడున్నరకి మీతో మాట్లాడాను. మా అబ్బాయి వైకల్యం కారణంగా నా గ్యారంటీ అంగీకరించమని అడిగాను. సిస్టమ్ తీసుకోవడం లేదని చెప్పారు. నేను సరిగ్గా విన్నానా? ఈ వెసులుబాటు మీద నిర్ణయం ఎవరు తీసుకుంటారు, వారి ఈమెయిల్ ఏది?’ ఇంతే. కోపం వద్దు, చట్టం పేర్లు కూడా వద్దు. ఎవరు మాట్లాడారో పేరు రాసుకోండి. నాలుగైదు పనిదినాలు చూడండి, జవాబు లేకపోతే అదే ఈమెయిల్ ఫార్వర్డ్ చేసి ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ కంపెనీ హెడ్ ఆఫీసుకి, టాక్స్ క్రెడిట్ బిల్డింగ్ అయితే నగరం హౌసింగ్ విభాగానికి కూడా పెట్టండి. ఆ ఫార్వర్డ్ వెళ్లాక చాలాసార్లు సిస్టమ్ తీసుకోవడం మొదలుపెడుతుంది. పెట్టకపోతే ఆ ఈమెయిళ్లన్నీ ప్రింట్ తీసి, ఎస్‌ఎస్‌ఐ ఉత్తరంతో కలిపి నా దగ్గరకి తీసుకురండి.